పెండ్లికి చెప్పే జీతం

మా వైపు ఒక్కో ఉద్యోగానికి రెండు జీతాలుంటాయి. ఒకటి పెండ్లి సంబంధం తెచ్చే పెద్దమనిషికి చెప్పేది. రెండోది చేబదులు అడగడానికి వచ్చిన చుట్టానికి చెప్పేది. మొదటిదాంట్లో బోనసూ, ఓవర్‌టైమూ, ఎప్పుడో రాబోయే ప్రమోషనూ అన్నీ కలిసిపోతాయి. రెండోదాంట్లో గది కిరాయి, బస్సు చార్జీ, చాయ్ ఖర్చు పోగా మిగిలిందే ఉంటుంది. దీన్ని ఎవరూ అబద్ధం అనరు. అడిగినవాడు ఎందుకు అడుగుతున్నాడో చూసుకొని జవాబు చెప్పడం మా దగ్గర లోకజ్ఞానం కింద లెక్క.

నేను మాత్రం కన్నతండ్రికే తప్పు చెప్పాను. అది లోకజ్ఞానం కాదు, ఉత్త అబద్ధం.

నేను ఫార్మ్‌డి చదివాను. మందుల గురించి ఆరేండ్ల చదువు. చదివి బయటికొచ్చాక పేరుకు ముందు డాక్టర్ అని రాసుకోవచ్చు. రాసుకోవడం వరకే. జగిత్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రి కింది అంతస్తులో మందుల కౌంటర్ వెనక నిలబడతాను. "ఓ చెల్లె, గీ గోలి తిన్నంక ఏసుకోవాల్నా, తినక ముందా?" అని అడిగేవాళ్ళే తప్ప, డాక్టరమ్మా అన్న మనిషిని ఇంతవరకు చూడలేదు. జీతం పంతొమ్మిది వేలు. చదువు కోసం బ్యాంకులో తెచ్చిన అప్పు ఎనిమిది లక్షలు.

మాది మేడిపల్లి దగ్గర ఒక ఊరు. తాతల నాడు ఊళ్ళో సగం పొలాలు మావేనట. నాకు బుద్ధి తెలిసేసరికి ఆరెకరాలు మిగిలాయి, పటేలు అనే పిలుపు మిగిలింది. పిలుపుతో ఫీజులు కట్టలేం కదా. సర్కారు ఇచ్చే ఫీజు సాయం మాకు రాదు. బాపు రెండెకరాల కాగితాలు బ్యాంకులో పెట్టి నన్ను చదివించాడు. నేను ఉద్యోగంలో చేరిన రోజు ఎరువుల దుకాణం నుంచి ఫోన్ చేశాడు. వెనక నలుగురు మాట్లాడుకుంటున్నారు. స్పీకర్ ఆన్ చేసి, అందరికీ వినపడేటట్టు, "బిడ్డా, నెలకు ఎంతిత్తరట?" అని అడిగాడు. ఆ నలుగురి ముందు పంతొమ్మిది అనడానికి నోరు రాలేదు. "నలభై అయిదు బాపూ" అన్నాను. అవతల ఎవరో "అబ్బో!" అన్నారు. బాపు నవ్వు వినిపించింది.

అప్పటి నుంచి ఆ నలభై అయిదును సాకడమే నాకు రెండో ఉద్యోగమైంది. కిస్తీ నేనే కడుతున్నాను. సాయంత్రం ఇద్దరు ఇంటర్ పిల్లలకు ట్యూషన్ చెబుతాను. పొద్దున వండింది రాత్రి దాకా తింటాను. ఇంటికి పోయేటప్పుడు మాత్రం యాపిల్ పండ్లు, కిలో స్వీటు డబ్బా పట్టుకొని దొరసానిలా బస్సు దిగుతాను.

చెల్లె నాకంటే తొమ్మిదేండ్లు చిన్నది. ఇంటర్ బైపీసీ అయిపోయి ఎంట్రన్స్‌లో ర్యాంకు వచ్చింది. కోరుట్ల సర్కారు కాలేజీలో పశువుల డాక్టరు చదువుకు సీటు దొరికేంత మంచి ర్యాంకు. అది కాదంటే నర్సింగ్. అదీ కాదంటే నాలాగే ఫార్మ్‌డి. నా సంగతి అడిగితే, ఆ ర్యాంకు చూసి మొదట సంతోషం రాలేదు. నాకు రాని ర్యాంకు దీనికెట్లా వచ్చింది అనిపించింది. సొంత చెల్లె మీద కూడా ఏడుస్తారా అంటే, ఏడుస్తారు. పరాయివాళ్ళ మీద ఏడుపు బయటికి కనిపిస్తుంది, ఇంట్లోవాళ్ళ మీద ఏడుపు కడుపులోనే ఉంటుంది, అంతే తేడా.

బాపు ప్రతి వానాకాలం ముందు క్యాలెండర్ కాగితం వెనక గళ్ళు గీస్తాడు. పసుపు, మక్క, వరి అని పేర్లు రాసి, ఎకరానికి పెట్టుబడి ఎంత, ఎన్ని నెలల పంట, చివరికి చేతికి వచ్చేదెంత అని నింపుతాడు. ఆ ఏడు అదే పద్ధతిలో చదువులకు కూడా గళ్ళు గీశాడు. "పెద్దదాన్ని లెక్క జూడకుండనే తోలిన. ఏదో నసీబు మంచిగుండి గట్టెక్కినం. ఈసారి లెక్క గట్టినంకనే సీటు" అన్నాడు. నర్సుది, మందులది, పసులది అని మూడు వరసలు. ఎన్నేండ్లు, ఎంత పెట్టాలి, ఎంత అప్పు, నెలకు ఎంత వస్తది. మందుల వరస ఎవరినీ అడగకుండానే నింపేశాడు. ఆరేండ్లు, ఎనిమిది లక్షల అప్పు, నలభై అయిదు వేలు. నింపి నా వైపు చూశాడు. నేను తలూపాను. అప్పుడే చెప్పాల్సింది, కానీ పెన్ను మూత పెట్టేశాడు.

నర్సు లెక్క కోసం ఒక ఆదివారం బాపూ నేనూ సిరిసిల్లకు పోయాం. అక్కడ మా మేనత్త ఉంటుంది. ఆమె బిడ్డ, నాకు వదిన వరస, నర్సింగ్ చదివి హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో పనిచేస్తోంది. అత్తావాళ్ళ పక్కింట్లో పొద్దంతా మరమగ్గాలు ఆడుతుంటాయి. ఆ చప్పుడుకు ఆ వాడకట్టులో అందరూ గట్టిగా మాట్లాడతారు, రహస్యాలైనా సరే. మేం పోయేసరికి వదినకు సంబంధం తెచ్చిన పెద్దమనిషి కుర్చీలో కూర్చొని చాయ్ తాగుతున్నాడు. బాపుకు ఆగే ఓపిక ఎక్కడిది? చెప్పులు విప్పుతూనే అడిగాడు.

"అక్కా, మేనకోడలు జీతమెంత ఇప్పుడు?"

"యాభై అయిదు తమ్మీ!" అత్త పెద్దమనిషి వైపు చూస్తూ అరిచినట్టే చెప్పింది. "డ్యూటీ మీద డ్యూటీ ఏత్తే ఇంకింత గూడ అత్తది."

పెద్దమనిషి తన డైరీలో రాసుకున్నాడు. బాపు తన కాగితంలో రాసుకున్నాడు. నాకు కడుపులో భగ్గుమంది. వదినా నేనూ పదో తరగతి దాకా ఒకే బడిలో చదివాం. లెక్కల్లో నా పేపరు చూసి రాసిన మనిషికి యాభై అయిదా! అత్త ఇచ్చిన చాయ్ చేదుగా అనిపించింది.

పెద్దమనిషి వెళ్ళిపోయాక బాపు దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి, "అక్కా, మరి అప్పు ముచ్చటేంది?" అన్నాడు. ఆయన అడిగింది చదువుకు చేసిన అప్పు గురించి. అత్తకు అర్థమైంది వేరు.

"అయ్యో తమ్మీ! నా తాన యాడున్నయ్?" అని గుండె మీద చెయ్యి వేసుకుంది. "దానికి అచ్చేదే ఇరవై రెండు. కిరాయికే సగం పాయె. మొన్న నాకు కండ్లద్దాలు గూడ కొనియ్యలే. నా మీద ఒట్టు."

"ఇగో, ఇప్పుడే యాభై అయిదంటివి గద?"

"గది పెండ్లికి జెప్పేది తమ్మీ!"

బాపు అక్కడికక్కడే యాభై అయిదును కొట్టేసి ఇరవై రెండు వేశాడు. ఆ గీత పడుతుంటే నా కడుపు చల్లబడింది. ఎందుకు దాచాలి, ఇంకో కప్పు చాయ్ అడిగి తాగాను. తిరుగు బస్సులో బాపు పెద్ద సత్యం కనిపెట్టినట్టు అన్నాడు: "ఒక్కటి యాదికుంచుకో బిడ్డా. ఎవ్వలైనా సరే, తక్కువ జెప్పిన జీతమే నిజం." నా వైపు చూసి, "నీ ముచ్చట వేరనుకో, నువ్వు నా బిడ్డవు" అని కూడా అన్నాడు. నేను కిటికీ లోంచి బయటికి చూశాను.

ఇక మిగిలింది పశువుల డాక్టరు వరస. ఆ చదువు చదివిన మనిషి మా ఊళ్ళో ఒక్కతే ఉంది. నా ఈడుది. ఆమె తల్లి నేను పుట్టకముందు నుంచే మా పొలంలో నాట్లు వేసేది. వాళ్ళకు గజం జాగా లేదు. నాకు పొట్టివైపోయిన గౌన్లు ఆమె వేసుకొని తిరగడం నాకు గుర్తు. నేను పట్నంలో ఫీజులు కట్టే బడిలో చదువుతుంటే ఆమె సర్కారు గురుకులంలో చదివింది. తర్వాత కోరుట్లలో సీటు కొట్టింది. ఇప్పుడు కోరుట్లలో ఉంటూ మా మండలానికే పశువుల డాక్టరు. "వాళ్ళకేం, అన్నీ సర్కారే పెడుతది" అని మా ఇంట్లో అనుకునే మాట. నేనూ అన్నాను, ఒకసారి కాదు, చాలాసార్లు. ఆమె ర్యాంకు సర్కారు రాయలేదని నాకు తెలుసు. తెలిసీ అన్నాను.

ఆమె తల్లి, బిడ్డ వద్దన్నా వినకుండా, ఇంట్లో పొద్దు పోదని ఇప్పటికీ నాట్లకు వస్తుంది. ఆ రోజు నేను బాపుతో ఒడ్డు మీద ఉన్నాను.

"ఏమే, నీ బిడ్డకు సర్కారు నెలకు ఎంతిత్తంది?" బాపు అడిగాడు.

ఆమె వంగిన నడుము ఎత్తలేదు. "ఏమిత్తది పటేలా. ముప్పై దాక అత్తయట. ఇంక పర్మినెంటు గాలేదట. పెట్రోలు గూడ దాని పైసలే."

పటేలుకు చేతిలో ఉన్నది చెప్పకూడదు. చెబితే కూలి తగ్గుతుంది, లేదా కన్ను పడుతుంది. ఆమెకు అది వాళ్ళత్త నేర్పి ఉంటుంది, ఆ అత్తకు ఇంకో అత్త. అది మాకు చెప్పే జీతమని నాకు ఆ క్షణమే అనుమానం వచ్చింది. బాపుకు రాలేదు. రాకపోవడం ఆయనకు బాగుంది. "గంతేనా! నేను ఇంకెంతో అనుకున్న" అని ముప్పై వేశాడు. నాటు వేసే మనిషి బిడ్డకంటే తన బిడ్డకు పదిహేను వేలు ఎక్కువ. ఆ సాయంత్రం బాపు మీసం తిప్పడం నేను చూశాను.

చెల్లె ఒప్పుకోలేదు. "ఇంటర్నెట్ల ఎక్కువ సూపెడుతంది బాపూ" అంది.

"ఇంటర్నెట్లోళ్ళు గూడ పెండ్లి జీతమే జెప్తరు బిడ్డా" అన్నాడు బాపు.

చెల్లె నా వెంట పడింది. "అక్కా, నువ్వు ఆమెను ఎరుగుదువు గద. కోరుట్ల పొయ్యి ఒక్కసారి అడుగవా? నాకోసం."

పోయాను. కోరుట్లలో మేడ మీద రెండు గదులు. తల్లికి కొన్న కొత్త మంచం, మూలకు వాషింగ్ మెషీన్, గోడకు తెల్లకోటు. ఆమె చాయ్ పెట్టి నా ఎదురుగా కాళ్ళు పైకి పెట్టుకొని కూర్చుంది. ఒకప్పుడు మా ఇంటి గడప బయటే నిలబడి "మీరు" అని మాట్లాడిన మనిషి, "ఏందే గిట్ల బక్కగైనవ్, తింటలేవా?" అంది. అందులో తప్పేముంది? స్నేహంగానే అంది. నాకే ఒళ్ళు మండింది.

వచ్చిన సంగతి చెప్పాను. తల్లి చెప్పిన మాటకు ఆమె పకపకా నవ్వింది. "ముప్పై అన్నదా? మా అవ్వ సంగతి ఎరుకే గద, ఊరంత గట్లనే జెప్తది." ఫోన్ తీసి బ్యాంకు మెసేజ్ తెరిచి నా చేతికిచ్చింది. డెబ్బై రెండు వేలు. ఒకటో తారీఖున పడినవి.

"మరి అప్పు?" అన్నాను.

"అప్పేంది? హాస్టల్ల సదివిన. నా మీద ఎవ్వలి పైస లేదు."

ఆ మాట ఎంత సులువుగా అందో! నా మీద ఎవరి పైసా లేదు అనే మాట నా నోటితో ఎప్పుడు అంటానో నాకు తెలియదు. డెబ్బై రెండు చూసినప్పటి కంటే అది విన్నప్పుడే ఎక్కువ మండింది. ఆ ఫోన్ నేలకేసి కొట్టాలనిపించింది. ఆమె పడిన కష్టం నాకు కనపడలేదు. ఆ గదులు కనపడ్డాయి, తల్లి మంచం కనపడింది, ఆమె నిండు చెంపలు కనపడ్డాయి.

"చెల్లెకు జెప్పు. కోరుట్ల సీటు ఇడిసిపెట్టద్దు. నా నోట్సులన్ని దానికే ఇత్త" అంది. తర్వాత, "నీదెంత ఇప్పుడు?" అని అడిగింది.

"నలభై అయిదు."

"మంచిదే" అంది. జాలిపడినట్టు అనిపించింది. అనిపించడమేమిటి, పడే ఉంటుంది.

ఇంటికి వచ్చేసరికి చెల్లె వాకిట్లో నిలబడి ఉంది. బాపు అరుగు మీద, కాగితం ఒళ్ళో. "ఎంతటక్కా?" అని ఎదురొచ్చింది. దాని మొహం వెలిగిపోతోంది. ఐదారేండ్లలో ఇది కూడా ఆ తెల్లకోటు వేసుకుంటుంది, బాపు దీన్ని కూడా డాక్టరమ్మా అంటాడు, అప్పు లేని మనుషులిద్దరి మధ్య నేను పంతొమ్మిది వేలతో నిలబడతాను. ఇదంతా అరక్షణంలో నా బుర్రలో తిరిగింది.

"వాళ్ళమ్మ జెప్పిందేనే" అన్నాను. "ముప్పయ్యే."

దాని మొహం చిన్నబోయింది. బాపు మూడు అంకెల మీదా వేలు పెట్టి చూశాడు. ఇరవై రెండు, ముప్పై, నలభై అయిదు. "ఇగ ఆలోశనేమున్నది? అక్క తొవ్వనే మంచిది" అన్నాడు. చెల్లె నా భుజానికి ఆనుకొని, "పోనీ తియ్యి. అక్కలెక్కనే అయిత" అంది. ఆ రాత్రి దాని పక్కనే పడుకున్నాను. అయినా నోరు విప్పలేదు. ఒక అబద్ధం విప్పితే రెండోది కూడా విప్పాలి. నా జీతం చెప్పకుండా ఆమె జీతం చెప్పినా చాలు కదా, చెల్లె బతుకు బాగుపడేది కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే. అదే చెయ్యలేకపోయాను. ఆమెది నిజం చెప్పడం నాకు నాది చెప్పడం కంటే కష్టమైంది.

కౌన్సెలింగ్ అయిపోయింది. కోరుట్ల సీటు ఇంకెవరికో పోయింది. జగిత్యాలలో బ్యాంకు మేనేజర్ ముందు కూర్చొని బాపు ఇంకో రెండెకరాల కాగితాలు పెట్టాడు. పూచీ సంతకం నన్ను కూడా పెట్టమన్నారు. ఉద్యోగస్తురాలిని కదా. పెట్టాను.

దసరా సెలవులకు చెల్లె ఇంటికి వచ్చింది. నేనూ పోయాను. మా బర్రె రెండు రోజులుగా మేత ముట్టడం లేదు. బాపు ఫోన్ చేస్తే కోరుట్ల నుంచి ఆ పశువుల డాక్టరే స్కూటీ మీద వచ్చింది. ఆమె తల్లిని "ఏమే" అని పిలిచే మా బాపు వాకిలి దాకా ఎదురుపోయి, "రాండ్రి డాక్టరమ్మా, ఇటు రాండ్రి" అన్నాడు. నేను నీళ్ళ బకెట్ పట్టుకొని కొట్టం దగ్గర నిలబడ్డాను. ఆమె బర్రె డొక్క మీద చెయ్యి వేసి చూసింది, చెవులు పట్టి చూసింది, సూది వేసింది. బర్రె కూడా ఆమె చెప్పినట్టు విన్నది. దాని మీద కూడా కోపమొచ్చింది నాకు.

చేతులు కడుక్కుంటూ చెల్లెను చూసింది. "యాడ జేరినవ్ చెల్లే? కోరుట్ల కాలేజి దిక్కు ఎన్నడు కనవడవైతివి."

చెల్లె కాలేజీ పేరు చెప్పింది, ఫార్మ్‌డి అని చెప్పింది.

"అయ్యో! గంత మంచి ర్యాంకు పెట్టుకొని కోరుట్ల ఎందుకు ఇడిసిపెట్టినవ్?"

"మీకు ముప్పయ్యే అత్తయి గద అక్కా. అందుకే బాపు వద్దన్నడు."

"ముప్పై ఎవ్వలు జెప్పిన్రు? గది మా అవ్వ జెప్పే ముచ్చట. డెబ్బై రెండు నాకు. మీ అక్కకు ఫోన్ల సూపెట్టిన గద!"

ఆమె చేతుల మీద నీళ్ళు పోస్తున్న బాపు చెంబు ఆగింది. చెల్లె నా వైపు తిరిగింది.

"నీకు ఎరుకేనా అక్కా?"

"ఎరుకే."

"మరి చెప్పలేదేంది?"

ఏదైనా చెప్పొచ్చు. మరిచిపోయానని, తప్పు విన్నానని. కానీ దాని కండ్లల్లోకి చూస్తే ఇంకో అబద్ధం రాలేదు. "కండ్లు మండినయే" అన్నాను. "ఆమెను జూసి మండినయ్. నువ్వు గూడ గట్లనే అయితవని ఇంకింత మండినయ్."

ఆమె తువ్వాల అందుకొని, సంచీ సర్దుకుంటూ పక్కకు తిరిగింది. చెల్లెకు కోపం రాలేదు. వస్తే బాగుండేది. అర్థం కానట్టు చూసింది. "నీకు నలభై అయిదు అత్తయి గద అక్కా. నీకేం తక్కువని?"

"రావు. పంతొమ్మిది అత్తయి. మొదటి సంది గంతే."

బాపు చెంబు కింద పెట్టాడు. బ్యాంకులో ఉన్న నాలుగెకరాలూ ఆయన మొహంలో కనిపించాయి. చెల్లె నెమ్మదిగా, లెక్క చూసుకుంటున్నట్టు అడిగింది.

"అంటే ఆరేండ్లు సదివినంక నాది గూడ గంతేనా?"

బాపు నా మొహమే చూస్తున్నాడు. ఆమె కూడా తల ఎత్తింది.

"గంతేనే" అన్నాను.